వంద పాయింట్లొచ్చినా రన్నరప్పే

2025 మే 3, శనివారం. మన గడియారాల్లో సాయంత్రం ఐదు గంటలు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రెండో అంచె అయిన చాంపియన్‌షిప్‌లో ఆఖరి రోజు పన్నెండు మ్యాచ్‌లూ ఒకేసారి మొదలయ్యాయి. 24 జట్లు, తలా 46 ఆటలు, మొత్తం 552. అందులో 540 ముగిసినా కప్పెవరిదో తేలలేదు. లీడ్స్ 97, బర్న్‌లీ 97. ఇద్దరికీ ప్రీమియర్ లీగ్‌లో చోటు పన్నెండు రోజుల కిందటే ఖాయమైంది. ఇక మిగిలింది పరువు, కప్పు.

బర్న్‌లీ సొంత మైదానంలో మిల్‌వాల్‌ను 3-1తో కొట్టి తన పని తాను పూర్తి చేసింది. లీడ్స్ ఆడుతున్నది ప్లిమత్‌లో. అవతలిది కింది అంచెకు పడిపోతున్న జట్టు. అయినా మొదటి గోల్ వాళ్లదే. తొంభై నిమిషాలు నిండేసరికి స్కోరు 1-1. అలాగే ముగిసుంటే కప్పు బర్న్‌లీది. ఇంజూరీ టైమ్ మొదటి నిమిషంలో, టాటెన్‌హామ్ నుంచి లోన్ మీద వచ్చిన మనోర్ సోలమన్ గోల్ కొట్టాడు. లీడ్స్‌కూ వంద, బర్న్‌లీకీ వంద. గోల్స్ తేడా చూస్తే లీడ్స్‌కు 65, బర్న్‌లీకి 53. కప్పు లీడ్స్‌కు వెళ్లింది.

చాంపియన్‌షిప్‌లో వంద దాటడం కొత్తేమీ కాదు. ఈ అంచెలో రికార్డు 2005-06లో రీడింగ్ సాధించిన 106. అంతకు ముందు 1998-99లో సండర్‌లాండ్ 105 తెచ్చుకుంది. న్యూకాజిల్, లెస్టర్ చెరో సీజన్‌లో 102 చేశాయి. బర్న్‌లీయే 2022-23లో 101తో కప్పు కొట్టింది. కానీ ఒకే సీజన్‌లో ఇద్దరు వందకు చేరడం, వంద తెచ్చుకున్నవాడు రెండో స్థానంలో నిలబడడం రెండో అంచె ఎన్నడూ చూడలేదు. అదే ఏడాది మూడో అంచెలో బర్మింగ్‌హామ్ సిటీ 111 పాయింట్లు పోగేసి, రీడింగ్ రికార్డును ఇంగ్లిష్ లీగ్ మొత్తం పట్టికలో పక్కకు నెట్టేసింది. అంకెలకు ఏదో గాలి సోకిన సంవత్సరం అది.

పదహారంటే పదహారే

ఈ సీజన్‌లో అసలు విశేషమేదంటే నేను లీడ్స్ కప్పును చెప్పను, బర్న్‌లీ గోల్‌పోస్టును చెబుతాను. 46 ఆటల్లో ఆ జట్టు ఇచ్చిన గోల్స్ 16. ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆటలు (క్లీన్‌షీట్లు) 30. ఇప్పుడు చిన్న లెక్క. 46లోంచి 30 తీసేస్తే మిగిలేది 16. ఇచ్చిన గోల్స్ కూడా పదహారే. అంటే ఆగస్టు నుంచి మే దాకా ఏ ఒక్క ఆటలోనూ బర్న్‌లీ రెండో గోల్ ఇవ్వలేదు. వానలో, మంచులో, పరాయి ఊళ్లలో, మంగళవారం రాత్రి అలసిన కాళ్లతో ఆడిన ఆటల్లో కూడా ఎప్పుడూ ఒకటికి మించలేదు.

పోలిక కావాలంటే 1978-79 లివర్‌పూల్‌ను చూడండి. గోడలాంటి రక్షణ అని ఇప్పటికీ చెప్పుకునే ఆ జట్టు 42 ఆటల్లో 16 ఇచ్చింది. 2004-05లో మొరీన్యో చెల్సీ 38 ఆటల్లో 15 ఇచ్చింది. బర్న్‌లీ ఆడింది 46. ఇన్ని ఆటలుండే లీగుల్లో అంతకు ముందు రికార్డు 1995-96లో నాలుగో అంచెలో జిల్లింగ్‌హామ్ పేరిట ఉన్న 20. అది చెరిగిపోయింది. 30 క్లీన్‌షీట్లు మాత్రం కొత్త రికార్డు కాదు. 1953-54లో పోర్ట్ వేల్ కూడా అన్నే సాధించింది. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగిన ఏడాది మొదలైన సీజన్ అది. డెబ్భై ఏళ్లు దాటినా ఆ లెక్కను దాటినవాడు లేడు, బర్న్‌లీ వెళ్లి పక్కన నిలబడింది.

గోల్‌కీపర్ జేమ్స్ ట్రాఫర్డ్ వయసు అప్పుడు 22. ముందటేడు ప్రీమియర్ లీగ్‌లో గోల్స్ మీద గోల్స్ ఇచ్చుకుని, చివరికి జట్టులో చోటే పోగొట్టుకున్నాడు. అదే కుర్రాడు కింది అంచెకు దిగి 45 ఆటలాడి 29 క్లీన్‌షీట్లు తెచ్చాడు. జనవరిలో సండర్‌లాండ్‌తో ఆట చూసినవాళ్లు ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. స్కోరు 0-0. చివరి నిమిషాల్లో సండర్‌లాండ్‌కు పెనాల్టీ దొరికింది. విల్సన్ ఇసిడోర్ కొట్టాడు, ట్రాఫర్డ్ ఆపాడు. కాసేపటికి మళ్లీ పెనాల్టీ. మళ్లీ ఇసిడోరే ముందుకొచ్చాడు. మళ్లీ ట్రాఫర్డే ఆపాడు. ఒకసారి తప్పినవాడు రెండోసారి బంతి చేతికి తీసుకోవడమే ఒక సాహసం. దాన్నీ ఆపితే అవతలివాడు ఏ మొహంతో ఇంటికి వెళ్తాడు? ఆట 0-0గానే ముగిసింది. సీజన్ అయ్యాక ట్రాఫర్డ్‌ను, అతన్ని పెంచి అమ్మేసిన మాంచెస్టర్ సిటీయే మళ్లీ కొనుక్కుంది.

ఇంత ఘనత ఉన్నా బర్న్‌లీ అభిమానులు ఏడాదిలో సగం గొణుగుతూనే గడిపారు. 16 ఆటలు డ్రా. వాటిలో గోల్ లేనివి చాలా ఉన్నాయి. కోచ్ స్కాట్ పార్కర్ ఆటను నిద్రమందు అన్నవాళ్లున్నారు. ఆ గొణుగుడులో న్యాయం లేకపోలేదు. 2005-06 రీడింగ్ కూడా బర్న్‌లీ లాగే 46 ఆటల్లో ఓడింది రెండే. రీడింగ్ గెలిచినవి 31, బర్న్‌లీ గెలిచినవి 28. ఆ మూడు గెలుపులూ డ్రాలుగా జారిపోయాయి కాబట్టే రీడింగ్ 106 దగ్గర, బర్న్‌లీ 100 దగ్గర ఆగాయి. అందులో ఒక్క డ్రా గెలుపుగా మారినా కప్పు బర్న్‌లీ మైదానం టర్ఫ్ మూర్‌లోనే ఉండేది.

ఓటముల లెక్క కూడా తమాషాగానే ఉంది. బర్న్‌లీ సండర్‌లాండ్ చేతిలో 1-0, మిల్‌వాల్ చేతిలో 1-0తో ఓడింది. నవంబరు మొదట్లో మిల్‌వాల్ చేతిలో దెబ్బ తిన్నాక వరసగా 33 ఆటలు ఓటమి లేకుండా సీజన్ ముగించింది. లీడ్స్ ఓడినవి నాలుగు. బర్న్‌లీ, మిల్‌వాల్, బ్లాక్‌బర్న్, పోర్ట్స్‌మత్ ఆ జట్టును ఓడించాయి. నాలుగుసార్లూ స్కోరు 1-0. ఏడాది పొడవునా ఈ రెండు జట్లను ఒకటికి మించిన తేడాతో ఓడించిన మొనగాడు ఒక్కడూ లేడు.

95 గోల్స్, హీరో లేడు

లీడ్స్‌ది పూర్తిగా వేరే తరహా. ఫిబ్రవరి మొదటి తేదీన కార్డిఫ్‌ను 7-0తో ఉతికింది. ఏప్రిల్ 21న, ఈస్టర్ సోమవారం, స్టోక్‌ను 6-0తో కొట్టింది. ఆ రోజు జోయెల్ పిరో నాలుగు గోల్స్ కొట్టాడు, నాలుగూ విరామంలోపే. అదే సాయంత్రం బర్న్‌లీ షెఫీల్డ్ యునైటెడ్‌ను 2-1తో ఓడించడంతో రెండు జట్లకూ ఒకేరోజు ప్రీమియర్ లీగ్ తలుపు తెరుచుకుంది.

మొత్తం 95 గోల్స్ కొట్టిన జట్టులో ఎక్కువ కొట్టిన పిరో లెక్క 19. లీగ్ మొత్తానికీ ఎక్కువ అదే. 2021-22లో ఫుల్‌హామ్ తరఫున అలెక్సాండర్ మిత్రోవిచ్ ఒక్కడే 43 కొట్టాడు, చాంపియన్‌షిప్‌లో అదింకా రికార్డు. మిత్రోవిచ్ కొట్టినవాటిలో సగం కూడా కొట్టనివాడు ఈసారి గోల్స్ రాజు. బర్న్‌లీలోనైతే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు ఫార్వర్డే కాదు. మిడ్‌ఫీల్డర్, కెప్టెన్ జోష్ బ్రౌన్‌హిల్ 18 కొట్టాడు.

లీడ్స్ మరిచిపోవాలనుకునే క్షణం అక్టోబరులో సండర్‌లాండ్‌లో పడింది. 2-1తో ముందున్నారు. 97వ నిమిషం. అవతలి నుంచి తేలిగ్గా ఎగిరొచ్చిన బంతి గోల్‌కీపర్ ఇలాన్ మెస్లియే ముందు నేలకు తగిలి, చిత్రంగా పక్కకు తిరిగి, అతన్ని దాటుకుని వలలోకి వెళ్లింది. 2-2. రీప్లేలో చూసినా ఎలా జరిగిందో ఒక పట్టాన అర్థం కాదు. వసంతం వచ్చేసరికి మెస్లియే బెంచీ మీదున్నాడు.

కోచ్ డేనియల్ ఫార్కాకు ఇది మూడో చాంపియన్‌షిప్ టైటిల్. 2019లోనూ 2021లోనూ నార్విచ్‌తో గెలిచాడు. పై అంచెకు వెళ్లాక మాత్రం నార్విచ్ కథ మారిపోయేది. 2021 నవంబరులో ఆ సీజన్‌కు మొదటి లీగ్ గెలుపు బ్రెంట్‌ఫర్డ్‌లో దక్కింది. ఆ సాయంత్రమే ఫార్కాను ఉద్యోగం నుంచి తీసేశారు. ఇటు స్కాట్ పార్కర్‌దీ మూడో ప్రమోషనే. ఫుల్‌హామ్, బోర్న్‌మత్, ఇప్పుడు బర్న్‌లీ. కప్పు ఒక్కసారీ చేతికి రాలేదు. ఒకసారి ప్లేఆఫ్, రెండుసార్లు రెండో స్థానం.

తొంభై శాపం

మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి. మూడు నుంచి ఆరు దాకా ఉన్న నాలుగూ ప్లేఆఫ్ ఆడతాయి, అందులో నెగ్గిన ఒక్కటే వెళ్తుంది. 2023-24లో లీడ్స్ 90 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచి, వెంబ్లీలో ఫైనల్ ఓడింది. 2024-25లో షెఫీల్డ్ యునైటెడ్ 90 పాయింట్లతో మూడో స్థానంలో నిలిచింది. తర్వాతేం జరిగిందో ఊహించవచ్చు.

నిజానికి షెఫీల్డ్ గెలుచుకున్నవి 92. అంతకు ముందు ఇతర క్లబ్బులకు ఇవ్వాల్సిన డబ్బు సకాలంలో కట్టనందుకు సీజన్‌ను మైనస్ రెండుతో మొదలుపెట్టింది. ఆ రెండూ ఉన్నా స్థానం మారేది కాదు. ప్లేఆఫ్ సెమీస్‌లో బ్రిస్టల్ సిటీని అక్కడ 3-0, ఇక్కడ 3-0తో పిండి చేసింది. అటువైపు సండర్‌లాండ్ పట్టికలో నాలుగో స్థానమే అయినా తెచ్చుకున్నవి 76. షెఫీల్డ్ కంటే 14 తక్కువ. పైగా లీగ్‌లో చివరి ఐదు ఆటలూ వరసగా ఓడి ప్లేఆఫ్‌లోకి నడిచొచ్చింది. కోవెంట్రీతో సెమీస్ రెండో లెగ్ అదనపు సమయం కూడా ముగిసి పెనాల్టీలకు జారబోతుండగా, 122వ నిమిషంలో డాన్ బాలర్డ్ తలతో కొట్టిన గోల్ ఆ జట్టును వెంబ్లీ చేర్చింది.

మే 24 ఫైనల్‌కు 82 వేల పైచిలుకు జనం వచ్చారు. ఫుట్‌బాల్‌లో ఇంత డబ్బు ఆధారపడిన ఒక్క ఆట మరోటి లేదంటారు. గెలిచినవాడి ఆదాయం వచ్చే మూడేళ్లలో కోట్ల పౌండ్లలో పెరుగుతుందని డెలాయిట్ సంస్థ ఏటా అంచనా వేస్తుంది. 25వ నిమిషంలో టైరీస్ క్యాంప్‌బెల్ గోల్‌తో షెఫీల్డ్ ముందుకెళ్లింది. కాసేపటికే హారిసన్ బరోస్ పెనాల్టీ ప్రాంతం అంచు నుంచి కొట్టిన బంతి వలలో పడింది. 2-0 అని షెఫీల్డ్ సగం స్టేడియం ఎగిరి గంతేసింది. అప్పుడు రిఫరీ టీవీ తెర దగ్గరికి నడిచాడు. గోల్‌కీపర్ చూపుకు అడ్డంగా ఆఫ్‌సైడ్‌లో ఒక షెఫీల్డ్ ఆటగాడు నిలబడ్డాడని తేల్చి గోల్ రద్దు చేశాడు.

ఇందులో వింతేమిటంటే చాంపియన్‌షిప్‌లో వీఏఆర్ (వీడియో రివ్యూ) లేదు. 552 లీగ్ ఆటల్లోనూ రిఫరీ కళ్లే సాక్ష్యం. ఆ రివ్యూ పెట్టింది ఈ ఫైనల్ ఒక్కదానికే. 46 ఆటలు ఒక పద్ధతిలో ఆడించి, అసలు ఆటను వేరే పద్ధతిలో ఆడించడమేమిటో లీగ్ పెద్దలకే తెలియాలి. ఆ గోల్ రద్దు చేయడం నిబంధనల ప్రకారం సరే. కానీ ఆ నిబంధనను అంత నిక్కచ్చిగా చూసే కన్ను ఏడాదంతా లేదు.

76వ నిమిషంలో ఎలియెజెర్ మయెండా సమం చేశాడు. ఇంజూరీ టైమ్ ఐదో నిమిషంలో అవతలివాళ్లు తప్పుగా అందించిన బంతిని టామ్ వాట్సన్ అందుకుని, పరుగెత్తి, పెనాల్టీ ప్రాంతం బయటి నుంచే నేలబారుగా మూలకు పంపాడు. 2-1. వాట్సన్ వయసు అప్పుడు 19, చిన్నప్పటి నుంచీ సండర్‌లాండ్ క్లబ్బులోనే పెరిగాడు. అప్పటికే బ్రైటన్‌కు వెళ్లడానికి ఒప్పందం అయిపోయింది. తన ఊరి జట్టును ఎనిమిదేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌కు పంపి, ఆ జట్టుతో మాత్రం తాను వెళ్లలేదు. షెఫీల్డ్ యునైటెడ్ ప్లేఆఫ్‌ల బరిలోకి దిగడం అది పదోసారి. పదిసార్లూ ఉత్తచేతులే.

14 పాయింట్ల తేడా ఒక్క మధ్యాహ్నంలో కొట్టుకుపోవడం అన్యాయమేనని నా అభిప్రాయం. అయితే ప్లేఆఫ్ లేకపోతే మార్చి నెలకే సగం లీగ్ పడుకునేది. ఏప్రిల్ చివరిదాకా చాలా జట్లు ఆశతో ఆడుతున్నాయంటే దాని పుణ్యమే.

ఎక్కిన మెట్లే దిగిన లూటన్

లూటన్ టౌన్ 2014 దాకా ఐదో అంచెలో ఉండేది. 2023లో వెంబ్లీలో కోవెంట్రీని పెనాల్టీల్లో ఓడించి ప్రీమియర్ లీగ్ చేరింది. దాని మైదానం కెనిల్‌వర్త్ రోడ్ చూస్తేనే వింత. ఓక్ రోడ్ వైపు గేటు వరసిళ్ల మధ్యలో, మరో ఇంటి గుమ్మంలా ఉంటుంది. ఆ గుమ్మంలో దూరి, ఇనుప మెట్లెక్కి, జనం పెరళ్ల మీదుగా స్టాండ్‌లోకి వెళ్లాలి. బట్టలారేసిన తీగలు, కూరగాయల మడులు కింద కనిపిస్తుంటాయి. పట్టేది పన్నెండు వేల మంది. మాంచెస్టర్ సిటీ, ఆర్సెనల్ అభిమానులు కూడా ఏడాదిపాటు ఆ మెట్లే ఎక్కారు.

2024లో కిందికి దిగింది. 2025లో మళ్లీ దిగింది. ఆఖరి రోజు వెస్ట్ బ్రామ్‌లో 5-3తో ఓడింది. లూటన్‌కు 49 పాయింట్లు, హల్ సిటీకీ 49. కప్పు తేలింది గోల్స్ తేడాతోనే, దిగేదెవరో తేలిందీ గోల్స్ తేడాతోనే. హల్ బతికింది. లూటన్‌కు ఈ జారుడు అలవాటే. 2007, 2008, 2009 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు కిందికి దిగింది, మూడోసారి 30 పాయింట్ల కోతతో.

ప్లిమత్ కథ ఇంకా విచిత్రం. ఫిబ్రవరి 9న ఎఫ్‌ఏ కప్‌లో లివర్‌పూల్ వచ్చింది. అది ప్రీమియర్ లీగ్ పట్టికలో మొదటిది. ప్లిమత్ చాంపియన్‌షిప్ పట్టికలో చివరిది. రెండింటి మధ్య 42 జట్లు. లివర్‌పూల్ పెద్దవాళ్లలో చాలామందికి విశ్రాంతినిచ్చిన మాట నిజమే. అయినా ర్యాన్ హార్డీ పెనాల్టీ గోల్‌తో ప్లిమత్ 1-0తో గెలిచింది. ఆ వసంతంలో లివర్‌పూల్ ఇంగ్లండ్ చాంపియన్ అయింది, ప్లిమత్ మూడో అంచెకు దిగింది. అట్టడుగున కార్డిఫ్ మిగిలింది. ఆ జట్టు చివరి మూడు ఆటలకు కోచ్ పగ్గాలు తమ దగ్గరే ఆట నేర్చుకుని ఆర్సెనల్‌లో పేరు తెచ్చుకున్న ఆరన్ రామ్సీకి అప్పగించింది. పేరు పనిచేయలేదు.

కోచ్‌ల కుర్చీలాట

హల్‌ను బతికించిన కోచ్ రూబెన్ సెయెస్‌ను సీజన్ ముగిసి రెండు వారాలు తిరగకముందే తీసేశారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమే. నెల తర్వాత, వెంబ్లీలో ఓడిన షెఫీల్డ్ యునైటెడ్ తన కోచ్ క్రిస్ వైల్డర్‌ను సాగనంపి, అదే సెయెస్‌ను తెచ్చుకుంది. కొత్త సీజన్‌లో లీగ్ ఆటలు ఐదుకు ఐదూ ఓడాక సెప్టెంబరులో సెయెస్‌ను పంపించి మళ్లీ వైల్డర్‌ను పిలిచింది.

కోవెంట్రీ నవంబరులో మార్క్ రాబిన్స్‌ను తొలగించింది. నాలుగో అంచె నుంచి జట్టును ఏడేళ్లలో ప్రీమియర్ లీగ్ గుమ్మం దాకా తెచ్చింది ఆయనే. 1990లో మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాడిగా నాటింగ్‌హామ్‌లో కొట్టిన గోల్‌తో అలెక్స్ ఫెర్గ్యూసన్ ఉద్యోగం నిలిచిందని చెప్పుకునేదీ ఈయన గురించే. ఆయన స్థానంలో వచ్చిన ఫ్రాంక్ లాంపార్డ్ 17వ స్థానంలో ఉన్న జట్టును ఐదో స్థానానికి చేర్చాడు.

అన్నిటికన్నా అర్థం కానిది జాన్ యూస్టస్ నిర్ణయం. ఫిబ్రవరిలో ఆయన కోచింగ్‌లో బ్లాక్‌బర్న్ ఐదో స్థానంలో, ప్లేఆఫ్ వరసలో ఉంది. ఆయన దాన్ని వదిలేసి, దిగిపోయే మూడింటిలో ఉన్న డార్బీకి వెళ్లిపోయాడు. పైకి వెళ్లే బండి దిగి మునిగే పడవ ఎక్కాడని అందరూ నవ్వారు. డార్బీ 50 పాయింట్లతో, ఒకే ఒక్క పాయింటు తేడాతో బతికి బయటపడింది. బ్లాక్‌బర్న్ 66తో ఏడో స్థానంలో ఆగి, రెండు పాయింట్ల తేడాతో ప్లేఆఫ్ పోగొట్టుకుంది.

కోళ్ల యజమానులు, ఒక కాటు

బ్లాక్‌బర్న్ రోవర్స్ దగ్గర మనం కాస్త ఆగాలి. 1994-95లో ప్రీమియర్ లీగ్ గెలిచిన ఈ క్లబ్బు 2010 నవంబరు నుంచి వెంకీస్ చేతిలో ఉంది. తెలుగువాడైన బి.వి.రావు స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ కుటుంబానిదే ఆ సంస్థ. రోజూ కోడిగుడ్డు ధర ప్రకటించే నెక్‌ను 1982లో నిలబెట్టిందీ ఆయనే. గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. బ్లాక్‌బర్న్ ఉన్న లాంకషైర్‌లో ఆ కుటుంబానికి మర్యాద వేరే రకంగా దక్కింది. 2012 మే 7న విగాన్ చేతిలో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన రాత్రి, అభిమానులు క్లబ్బు జెండా కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. ఆ తర్వాత రోవర్స్ మళ్లీ పైకి రాలేదు. యూస్టస్ వెళ్లిపోకుండా ఉంటే ఈసారి ప్లేఆఫ్ దాకా అయినా వెళ్లేదేమోనన్న బాధ ఆ ఊళ్లో ఇంకా ఉంది.

2024-25లో ఆ క్లబ్బు పేరు పేపర్లకెక్కింది మాత్రం మెడ మీద పంటి గాటుతో. సెప్టెంబరు 22న ప్రెస్టన్‌తో ఆట. గట్టి పొరుగు వైరం ఉన్న జట్లు. బ్లాక్‌బర్న్ కుర్రాడు ఓవెన్ బెక్ అవతలివాణ్ని కాలితో తన్ని రెడ్ కార్డు అందుకున్నాడు. లివర్‌పూల్ దిగ్గజం ఇయాన్ రష్‌కు ఈ బెక్ మనవడి వరస. తోపులాట మొదలైంది. ఆ గుంపులో ప్రెస్టన్ ఫార్వర్డ్ మిలుతిన్ ఒస్మాయిచ్ బెక్ మెడ వెనక పళ్లు దించాడు. బెక్ జరిగింది రిఫరీకి చెప్పుకున్నాడు, చూపించుకున్నాడు. ఆట 0-0గా ముగిసింది. కరిచినవాడికి మైదానంలో రెడ్ కార్డు పడలేదు, శిక్ష విచారణ తర్వాతే వచ్చింది. ఎనిమిది ఆటల నిషేధం, 15,000 పౌండ్ల జరిమానా. ఇలాంటిదే మరొకటి, డిసెంబరులో నార్విచ్ ఆటగాడు బోర్హా సైన్స్ సండర్‌లాండ్ డిఫెండర్ మీద ఉమ్మి ఆరు ఆటలకు దూరమయ్యాడు. అప్పటికి గోల్స్ పట్టికలో ముందున్నవాడతనే. చివరికి 18 దగ్గర ఆగిపోయి, పిరో కంటే ఒక్క గోల్ వెనకబడ్డాడు.